ఒంటెపాలు తాగని మెర్షా

మా మెంజ్ కొండల మీద మనిషికి పేరు పెట్టేది తల్లిదండ్రులైనా, దాన్ని ఖాయం చేసేది మాత్రం ఊరు. మెర్షాను పాతికేళ్ల పాటు "డీకను మెర్షా" అన్నాం. ఓగాడెన్ యుద్ధం నుంచి తిరిగొచ్చాక "ఒంటెపాలు తాగని మెర్షా" అన్నాం. ఈ రెండో పేరు పదకొండు నెలలు నిలిచింది. అది చెవిన పడ్డప్పుడల్లా అతను తల దించుకునేవాడు. ఎంత వినయమో అని మెచ్చుకున్నాం. మా తెలివితేటలు అలా ఏడిశాయి.

అతను ఏడో ఏట చదువుకు కూర్చున్నాడు. ఒక ముసలి గురువు దగ్గర, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, చర్చి పాత భాషలో కీర్తనలు కంఠతా పట్టాడు. పన్నెండో ఏట, పూజలో ఫాదరుకు సాయం నిలబడే డీకను అయ్యాడు. ఆ తర్వాత ఫాదరు కూడా కావలసినవాడే, కానీ మొదటి భార్య కాన్పులో పోయింది. రెండో పెళ్లి చేసుకున్నాడు. రెండో పెళ్లివాడికి బలిపీఠం దగ్గర చోటు లేదు, అది మా చర్చి కట్టడి. అప్పటినుంచి వాకిట్లోనే నిలబడి పాడేవాడు. చోటు పోయింది గానీ మాట పోలేదు. ఏ రోజు ఉపవాసం, ఎవరింట్లో ఏం తినకూడదు, జ్వరానికి ఏ కీర్తన చదవాలి, అన్నిటికీ జనం అతని గడపే తొక్కేవాళ్లు. అతనికీ అది ఇష్టమే. ఒకసారి నోటి నుంచి మాట వచ్చిందంటే ఇక అంతే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

సోమాలీ సేనలు ఓగాడెన్ ఎడారి దాటి మా దేశంలోకి చొచ్చుకొచ్చాయని రేడియో గొంతు చించుకున్న ఏడాది, పల్లెకింత మంది రైతుల్ని పంపాలని ఆజ్ఞ వచ్చింది. మా పల్లె వంతు ఏడుగురు. చీట్లు వేస్తే ఎతాగెన్ పెద్దకొడుకు షిబెషి పేరు వచ్చింది. ఎతాగెన్ మెర్షాకు స్వయానా అక్క. మొగుడు పోయి, ఇద్దరు మగపిల్లల్ని పెట్టుకుని, బార్లీ చేను తనే చూసుకుంటూ బతుకుతున్న మనిషి. షిబెషికి పంతొమ్మిది, చిన్నవాడు యిర్గాకు పదహారు.

మెర్షా పేరు చీటీల్లోనే లేదు. అయినా చీటీ పడ్డ ఒక కుంటి రైతుకు బదులుగా తను వెళ్తానన్నాడు. పెళ్లాం ఏడ్చి గోల పెట్టింది. వినలేదు.

"అక్కా, వాడి వెనకాలే ఉంటాను. నేనుండగా వాడి మీద ఈగ వాలనివ్వను," అన్నాడు.

"నీ మాటైతే వింటాడురా తమ్ముడూ," అంది ఎతాగెన్. "నేను చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు. నువ్వు చెప్తే గీత దాటడు."

అది నిజం. అదే కొంప ముంచింది.

శిక్షణ పది వారాలు. అందులో ఆరు వారాలు చేతికిచ్చింది కర్ర తుపాకులు. వాళ్ల దళానికి పద్దెనిమిది మంది: ఏడుగురు మా మెంజ్ క్రైస్తవులు, పదకొండు మంది వొల్లో నుంచి వచ్చిన ముస్లిం రైతులు. అందరి మీదా అధికారి లెఫ్టినెంట్ సెయ్‌ఫు. ఇరవై మూడేళ్లవాడు. నిన్నమొన్నటిదాకా పట్నంలో బడిపిల్లలకు భూగోళం చెప్పిన పంతులు. భుజం మీద నక్షత్రం పడి నాలుగు నెలలు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అంటారు. ఇక్కడ వెళ్లేవీ పిల్లకాకులే, దారి చూపించేదీ పిల్లకాకే. మనిషి చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. ఆ భయం బయటపడకూడదని గొంతు పెంచేవాడు.

సాయంత్రాలు రైతుల్ని కూర్చోబెట్టి చదువు చెప్పమని పైనుంచి ఉత్తరువు. ఒకరోజు సెయ్‌ఫు అడిగాడు: "వానలు ఎక్కణ్ణించి వస్తాయి? ఎవరైనా చెప్పండి."

అందరూ మెర్షా వైపు చూశారు. అలవాటు. మెర్షా లేచి, "దేవుడు పంపితే వస్తాయి సారూ," అన్నాడు.

సెయ్‌ఫు నవ్వాడు. నవ్వి ఊరుకుంటే పోయేది. బోర్డు మీద సముద్రం గీశాడు, సూర్యుణ్ణి గీశాడు, పైకి లేచే ఆవిరి గీశాడు. "ఏమయ్యా గడ్డం పెద్దమనిషీ, వాన సముద్రం నుంచి వస్తుంది. ఏదీ, పదిసార్లు చెప్పు. నీ వెనక తిరిగే ఈ పిల్లలకి బుర్రలో ఎక్కాలి."

మెర్షా నిలబడి పదిసార్లు చెప్పాడు. నాలుగోసారికి వొల్లో వాళ్లు నవ్వారు, ఏడోసారికి మెంజ్ కుర్రాళ్లూ నవ్వారు. షిబెషి ఒక్కడే నవ్వలేదు, నేల చూస్తూ కూర్చున్నాడు. ఎడారికి పోయేలోపు సెయ్‌ఫు ఆ సంగతి మరిచిపోయాడు. మెర్షా మరిచిపోలేదు.

లారీల్లో కొండలు దిగారు. చలిదేశం మనుషులు, ఒక్కొక్కడి భుజాన మోయలేనంత ఉన్ని కంబళి. రెండో రోజుకి చెట్లు పొట్టివై, మూడో రోజుకి ముళ్ల డొంకలై, నాలుగో రోజుకి అవీ ఎక్కడో ఒకటి. లారీ తొట్టిలో కుర్రాళ్లు పరాచికాలాడుకున్నారు.

"గురువుగారూ, ఈ చోటు చేసేటప్పుడు దేవుడు నీళ్లు పెట్టడం మరిచిపోయాడేంటి?"

"మరవలేదురా," అన్నాడు మెర్షా, ముందు సీట్లో సెయ్‌ఫుకి వినపడేట్టు. "సారుగారి సముద్రం నుంచి రావాలిగా. దారిలో ఉంటాయి."

లారీ అంతా గొల్లుమంది. వొల్లో వాళ్లలో ముహియె అనేవాడైతే పడీపడీ నవ్వి దగ్గాడు. ముందు సీట్లో సెయ్‌ఫు మెడ బిగుసుకోవడం మెర్షా చూశాడు. చల్లగా అనిపించింది.

వాళ్లకు అప్పగించిన పని ఒక వాగు రేవును కాపాడటం. పటంలో అక్కడ నీలం గీత ఉంది. భూగోళం పంతులుకి నీలం గీత అంటే నీళ్లు. చేరి చూస్తే రెండు గట్ల మధ్య తెల్లటి ఇసుక, అంతే. ఏడాదిలో నాలుగు రోజులు పారే వాగు అది. సెయ్‌ఫు పటాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. లారీలు నాలుగు పీపాల నీళ్లు దించి వెళ్లిపోయాయి. మూడు రోజుల్లో ఇంకో బండి వస్తుందన్నారు.

మా వాళ్ల బుద్ధి చూడండి. మా కొండల మీద దారి నడిచొచ్చిన పెద్దవాడి కాళ్లు కుర్రవాడు కడగాలి. తల్లి కడుపులోంచే నేర్చుకొస్తాం. ఆ సాయంత్రం షిబెషి ఒక చెంబెడు నీళ్లు ముంచుకొచ్చి మామయ్య కాళ్లు కడిగాడు. అది చూసి తక్కిన కుర్రాళ్లు తమకంటే పెద్దవాళ్ల కాళ్లు కడిగారు. వొల్లో వాళ్లు నమాజుకు ముందు మొహాలూ చేతులూ కడుక్కున్నారు. మర్నాడూ అంతే. ఎడారిలో ఇసుకతో తుడుచుకున్నా సరిపోతుందని వాళ్ల మతమే చెప్తుంది గానీ, పీపా ఎదురుగా ఉంటే ఎవడికి గుర్తుంటుంది? వద్దని చెప్పాలని సెయ్‌ఫుకి తోచలేదు. తినడానికి ఇచ్చింది వేయించిన బార్లీ పిండి, మిరపకారం. పిండి తడపాలన్నా నీళ్లే. మూడో రోజు సాయంత్రానికి మూడు పీపాలు డబడబ మోగాయి.

మూడు రోజులకి రావాల్సిన బండి ఐదు రోజులకీ రాలేదు. సెయ్‌ఫు రేడియోలో మేజరుని పట్టుకున్నాడు. అందరూ చుట్టూ మూగి విన్నారు.

"నీళ్ల బండి రాలేదు సార్."

"వచ్చింది. మీకు అందినట్టు ఇక్కడ కాయితం ఉంది."

"కాయితం ఉందేమో సార్, నీళ్లు లేవు."

"లెఫ్టినెంట్, నువ్వు యుద్ధంలో ఉన్నావు, బళ్లో లేవు. రేవు వదిలావంటే కాల్పిస్తాను."

ఆ మేజరూ నిన్నటిదాకా ఏదో గిడ్డంగికి అధికారి అని తర్వాత తెలిసింది. మర్నాటికి రేడియో బ్యాటరీ చచ్చిపోయింది. వాగులో నిలువులోతు తవ్వితే చెమ్మ ఇసుక వచ్చింది. దాన్ని గుడ్డలో వేసి పిండితే మనిషికి రోజుకో గుక్కెడు బురద.

ఆరో రోజున ఒక ఆడమనిషి వచ్చింది.

పేరు హోదాన్. సోమాలీ. ఐదు పాడి ఒంటెల్ని తోలుకుంటూ గట్టు మీదికి వచ్చి, పడి ఉన్న మనుషుల్ని చూసి ఆగింది. ఎవరి సైన్యమో ఆమెకు తెలియకపోదు. ముహియెకి వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో మాట్లాడించారు. దగ్గరి బావి రెండు రోజుల నడక అంది, అదీ మీ శత్రువుల చేతిలో ఉందంది. నీళ్లు తన దగ్గరా లేవు, పాలే తాగి బతుకుతున్నానంది. చెక్క గిన్నెలో పాలు పితికి నురగతో తెచ్చి పెట్టింది.

"ఎందుకిస్తోందట?" అన్నాడు సెయ్‌ఫు.

"దాహమన్నవాడికి పోయకపోతే తన ఒంటెలు వట్టిపోతాయట సార్," అన్నాడు ముహియె.

ఇక్కడ ఒక మాట. మా కొండ క్రైస్తవుడికి ఒంటె మాంసం గానీ, పాలు గానీ ముట్టడమంటే మతం వదులుకోవడమే. బాప్తిస్మం నాడు మెడలో కట్టే నీలం తాడు తెంచి పారేసినట్టే. ముట్టినవాడికి పిల్లనివ్వరు, చచ్చాక చర్చి దొడ్లో పాతిపెట్టరు. ఇది పసిపిల్లవాడికీ తెలుసు. పట్నంలో పెరిగిన సెయ్‌ఫుకి మాత్రం ఇది పుస్తకంలో చదివిన సంగతి.

అందుకే అతను చేయకూడని పని చేశాడు. అందరికంటే ముందు తనే గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు. అధికారి ముందు నడిస్తే సిపాయిలు వెనక నడుస్తారని నేర్పారు కదా. మూతి తుడుచుకుని, "చూశారుగా, నాకేమైనా అయిందా? వరసగా రండి, ఇది ఆజ్ఞ," అన్నాడు. చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి. అతని మెడలో తాడు లేదు. మెంజ్ కుర్రాళ్లు అది చూశారు.

వొల్లో వాళ్లు "బిస్మిల్లా" అని తాగారు. మా ఏడుగురి దగ్గరికి గిన్నె వచ్చింది. మొదట షిబెషి అందుకున్నాడు. పెదాలు పగిలి నెత్తురు చారలు కట్టి ఉన్నాయి. గిన్నె అంచు నోటికి ఆనింది. అప్పుడు కళ్లెత్తి మామయ్య మొహం చూశాడు.

సెయ్‌ఫు కూడా చూశాడు. దగ్గరికొచ్చి, మొదటిసారి గొంతు తగ్గించి, "గురువుగారూ," అన్నాడు. "ఒక్క మాట చెప్పండి. ప్రాణం కోసం తప్పులేదని చెప్పండి. మీరు చెప్తే తాగుతారు."

మెర్షాకి ఆ మాట తెలుసు. ముసలి గురువు ఒకసారి కాదు, వందసార్లు చెప్పాడు: ప్రాణం మీదికొచ్చినవాడికి కట్టడి లేదు, ముందు బతికించు, తర్వాత ప్రాయశ్చిత్తం చేయించు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దానికంటే ముందు ఇంకోటి వచ్చింది. పదిసార్లు నిలబెట్టి చెప్పించినవాడు ఇప్పుడు ఒక్క మాట కోసం తన ముందు నిలబడ్డాడు. ఆ రుచి ముందు దాహం కూడా ఆగింది.

"వాన సముద్రం నుంచి వస్తుంది సారూ," అన్నాడు మెర్షా. "మాకు అది చాలు."

షిబెషి వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. కుర్రవాడు గిన్నె దించేశాడు. తక్కిన ఐదుగురూ ముట్టుకోలేదు.

సెయ్‌ఫు పిస్తోలు తీశాడు. "తాగకపోతే కాల్చేస్తా," అన్నాడు. చావకుండా ఉండటానికి చంపుతాననడం! ఒక్కడూ గిన్నె అందుకోలేదు. పిస్తోలు లోపల పెట్టుకుని, గట్టు వెనక్కి పోయి కూర్చుని ఏడ్చాడు. అక్కడున్న మగవాళ్లలో అందరికంటే చిన్నవాళ్లలో అతనూ ఒకడు.

మర్నాడు ఇద్దరు మెంజ్ కుర్రాళ్లు, నీళ్లు వెతుక్కొస్తామని, కొండలు ఏ దిక్కున ఉన్నాయనుకున్నారో ఆ దిక్కున నడిచి వెళ్లారు. మళ్లీ కనపడలేదు. ఆ మధ్యాహ్నమే మెర్షా వేళ్లూ దుంపలూ ఏవైనా దొరుకుతాయేమోనని డొంకల్లోకి పోయి, ఒక చెదపుట్ట నీడలో కూలబడ్డాడు. ఎవరో తల ఎత్తారు. నోట్లో చల్లగా ఏదో పడింది. మొదటి గుక్క తెలియక మింగాడు, దాన్ని దేవుడే క్షమిస్తాడు. రెండో గుక్కకి పొగ వాసన తెలిసింది. సోమాలీ వాళ్లు పాల గిన్నెలకి పొగ పట్టిస్తారు. కళ్లు తెరిస్తే హోదాన్; ఆ డొంకల్లోనే ఒంటెల్ని మేపుకుంటూ ఉండిపోయింది, పూటపూటా వొల్లో వాళ్లకీ పాలు పోస్తోంది. ఉమ్మేయొచ్చు. ఉమ్మలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగాడు. కొంచెం ఉప్పగా ఉన్నాయి. అంత మంచి వస్తువు తన జన్మలో తాగలేదని అతనికి అనిపించింది, అలా అనిపించినందుకే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

తర్వాతి రోజూ వెళ్లాడు. అందరూ నీడన సోలిపోయే మిట్టమధ్యాహ్నం వేళ చూసుకుని వెళ్లాడు. తిరిగొస్తూ మూతి ఇసుకతో రుద్దుకున్నాడు. గట్టు మీద కాపలా కూర్చున్న సెయ్‌ఫు తనవైపు చూడటం కనిపించింది. సెయ్‌ఫు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మూడో రోజుకి షిబెషి నాలుక వాచి మాట ముద్దగా వస్తోంది. మెర్షా తన సీసాలో పాలు పోయించుకుని, చొక్కా లోపల దాచి తెచ్చాడు. మేనల్లుడి తల ఒళ్లో పెట్టుకుని, "నీళ్లురా నాయనా. కళ్లు మూసుకుని తాగు," అన్నాడు.

సీసా మూతికి ఆనగానే కుర్రవాడి ముక్కుపుటాలు కదిలాయి. పొగ వాసన.

"మామయ్యా, ఇది అదే కదా."

మెర్షా సీసా ఇంకొంచెం వంచాడు.

"నువ్వు తాగావా?"

ఔనంటే చాలు. ఆ ఒక్క అక్షరంతో వాడు తాగేవాడు. మెర్షాకి అప్పుడూ తెలుసు, తర్వాత ప్రతిరోజూ తెలుసు. కానీ పక్కనే ఇంకో ముగ్గురు పడుకుని ఉన్నారు, వాళ్లకి స్పృహ ఉంది, వింటున్నారు. ఐదేళ్ల పిల్లలప్పటి నుంచీ తన మాట వేదంలా విన్నవాళ్లు.

"లేదు," అన్నాడు.

"అయితే నాకూ వద్దు," అన్నాడు షిబెషి. "నీకు కోపం రాలేదుగా? ఆ రోజు గిన్నె ఎత్తినందుకు?"

"రాలేదురా," అన్నాడు మెర్షా.

ఆ సాయంత్రం వాడు పోయాడు. మర్నాటికి తక్కిన ముగ్గురూ. వొల్లో వాళ్లు పదకొండు మందీ బతికే ఉన్నారు. ముహియె వాళ్లే గోతులు తవ్వారు. వాళ్లకి తెలిసిన ప్రార్థన వాళ్లది, అయినా మావాళ్లని మా ఆచారం ప్రకారం తూర్పుకే తిప్పి పాతిపెట్టారు.

మరో రెండు రోజులకి సైన్యం లారీలు దారి తప్పి అటొచ్చాయి. వీళ్ల కోసం వచ్చినవి కావు. రేవు మీదికి శత్రువు అనేవాడు రానే లేదు.

ఆసుపత్రిలో, మెర్షా మూత్రపిండాలు దెబ్బతిని పడుకుని ఉంటే, సెయ్‌ఫు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. భుజం మీద ఇంకో నక్షత్రం చేరింది. రేవు నిలబెట్టినందుకు ఇచ్చారట.

"నేను ముందు తాగకుండా ఉండాల్సింది," అన్నాడు. "గిన్నె మీ చేతికిచ్చి, అందరి వెనక నిలబడి ఉండాల్సింది. నాకెవరూ నేర్పలేదు గురువుగారూ."

"నాకు నేర్పారు సారూ," అన్నాడు మెర్షా.

సెయ్‌ఫుకి అర్థమైందో లేదో. పోతూ పోతూ, "నేను చూశాను, మధ్యాహ్నాలు. ఎవరితోనూ అనను," అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. అతనూ ఒక మాట అరిచి చెప్పి ఉంటే ఆ నలుగురూ తాగేవాళ్లేమో. ఈ సంగతి ఆ ఇద్దరిలో ఎవరూ పైకి తీసుకురాలేదు.

యుద్ధానికి పనికిరాడని మెర్షాని ఇంటికి పంపేశారు. ఏడుగురు వెళ్తే ఒక్కడొచ్చాడు. ఎలా బతికావని ఊరు అడిగింది. అతను నోరు విప్పేలోపే ఊరే జవాబు చెప్పేసుకుంది. లారీ డ్రైవరెవడో కథ మోసుకొచ్చాడు: అధికారి పిస్తోలు పెట్టినా మెంజ్ వాళ్లు ఒంటెపాలు ముట్టలేదని. అందరూ చచ్చి ఇతను బతికాడంటే దేవదూత దిగివచ్చి నీళ్లు పోసి ఉండాలి, ఇంకేముంది! ఆడవాళ్లు పిల్లల్ని తెచ్చి అతని చేత తల మీద చెయ్యి పెట్టించుకున్నారు. చచ్చినవాళ్ల తల్లులు వచ్చి మోకాళ్లు ముద్దు పెట్టుకున్నారు. ఎతాగెన్ అందరికంటే చివర వచ్చింది.

"నా బిడ్డని బతికించి తేలేదని నీ మీద కోపం లేదురా," అంది. "శుభ్రంగా పంపావు. చర్చిలో వాడి పేరు చదువుతున్నారు. అది చాలు నాకు."

దాన్ని ఎలా లాక్కుంటాడు ఆమె దగ్గర్నుంచి? చెప్పకపోవడమే దయ అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి అనుకూలంగా కూడా ఉంది. ఇంట్లో పాలు మానేశాడు, ఆవుపాలు కూడా. దాన్నీ భక్తి కిందే జమకట్టాం.

అతను తిరిగొచ్చిన పదకొండు నెలలకి షిబెషి సంవత్సరీకం వచ్చింది. ఎతాగెన్ ఉన్న రెండు గొర్రెల్లో ఒకటి కోయించింది. పొరుగు పల్లె నుంచి కూడా జనం వచ్చారు. వాకిట్లో గడ్డి పరిచి కూర్చోబెట్టి ఇంజెరా రొట్టెలు వడ్డించారు. జాడీల్లో తెల్లా, మా బార్లీ కల్లు, నురగలు కక్కుతోంది. ఫాదరుగారు ప్రార్థన చదివారు, మెర్షాని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఆ వారమే రెండో విడత పేర్లు వచ్చాయి. యిర్గాకు పదిహేడు నిండాయి. శనివారం లారీ. వాడూ ఎడారికే.

అందరూ తింటుండగా ఎతాగెన్ జాడీ చంకన పెట్టుకుని చిన్నకొడుకు ముందు నిలబడింది. ఏడవలేదు. నలుగురూ వినాలనే గట్టిగా చెప్పింది.

"ఒరే యిర్గా, నీ అన్న పోయాడు గానీ నేను తల ఎత్తుకునేలా పోయాడు. నీకూ అలాంటి చోటే రాసిపెట్టి ఉంటే, గొంతెండి చచ్చినా సరే, ఆ పాలు ముట్టకు. మీ మామయ్యని చూసి నేర్చుకో. నియమం తప్పనందుకు దేవుడు కాపాడలేదూ?"

పెద్దలంతా ఔనౌనన్నారు. యిర్గా లేచి మెర్షా మోకాలు తాకి, "అలాగే అమ్మా. మామయ్యలాగే ఉంటాను," అన్నాడు.

మెర్షా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కుర్రవాడి పెదాల పైన ఇంకా నూగు మీసమే. శనివారానికి మూడు రోజులుంది. లేచి నిలబడ్డాడు.

"నేను తాగాను," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. "తెల్లా ఎక్కువైనట్టుంది," అని వెనక ఎవరో నవ్వారు.

"ఒంటెపాలు తాగాను. నాలుగు రోజులు, మిట్టమధ్యాహ్నం, డొంకల్లో దాక్కుని తాగాను. దేవదూత కాదు, సోమాలీ ఆడమనిషి పోసింది. అందుకే బతికాను."

"కూర్చో మెర్షా, జ్వరం తగిలిందా?" అన్నారు ఫాదరుగారు.

"ప్రాణం మీదికొస్తే కట్టడి లేదని నాకు తెలుసు ఫాదర్. మా గురువు చెప్పాడు. ఆ మాట ఆ పిల్లలకి చెప్పలేదు. ఒకణ్ణి గెలవాలని చెప్పలేదు."

ఎతాగెన్ జాడీ కింద పెట్టింది.

"వాడు అడిగాడా?" అంది.

"మొదటి రోజు గిన్నె ఎత్తుకుని నా మొహం చూశాడు. వద్దని తల ఊపాను. తర్వాత నేనే దొంగతనంగా పట్టుకెళ్లాను. వాసన పట్టేశాడు. నువ్వు తాగావా మామయ్యా, అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"లేదన్నాను అక్కా."

పోయిన ఆరుగురి తల్లుల్లో ఒకామె గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. ఫాదరుగారు కొంచెం పక్కకి జరిగారు. నేను అక్కడే ఉన్నాను, ఇంజెరా పళ్లెం పక్కకి నెట్టాను. ఎతాగెన్ తిడుతుందనుకున్నాం, మీద పడుతుందనుకున్నాం. ఆమె యిర్గా దగ్గరికి వెళ్లి, వాడి గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"ఎవరు పోస్తే వాళ్ల చేతి పాలు తాగు," అంది. "ఒంటెవి గానీ, గాడిదవి గానీ. ఎవరి మొహమూ చూడకు. విన్నావా? ఎవరి మొహమూ చూడకు."

జాడీ మళ్లీ ఎత్తుకుని, ఆగిన చోటి నుంచి వరసగా అందరికీ తెల్లా పోసుకుంటూ వచ్చింది. మెర్షా దగ్గరికి వచ్చినప్పుడు అతని లోటాలోనూ నిండా పోసింది. పోస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.